బెల్లం గిలాబా

ఇల్లు కట్టి చెడినవాళ్ళున్నారు. పెళ్ళి చేసుకుని చెడినవాళ్ళున్నారు. ఆ రెండూ కలిపి ఒకే గోడకి మెత్తి చెడినవాణ్ణి మాత్రం మా చోడవరం చుట్టుపక్కల నేనొక్కణ్ణే. ఆ ఘనకార్యమే ఇప్పుడు చెప్పబోతున్నాను. ఇందులో ఒక పెద్దమనిషికి చొక్కా పోతుంది, ఒక గేదె నా పనితనాన్ని మెచ్చుకుంటుంది, నా పరువు సంగతి మీరే తేల్చుకోండి. మధ్యలో నోరూరితే నా పూచీ లేదు.

డెబ్భైల మొదట్లో మాట. నాన్నది బెల్లం వర్తకం. నేను బి.ఏ. గట్టెక్కి తాలూకాఫీసులో గుమాస్తాగా చేరాను. ఆ చదువు వల్ల నాకు పట్టుకున్న జబ్బు ఒకటే, కనిపించిన ప్రతిదాన్నీ పట్టుకుని ఒక సిద్ధాంతం లేవదీయడం. ఆ జబ్బు ముదురుతున్న రోజుల్లోనే నాకు మాడుగుల పిల్ల రత్నంతో పెళ్ళి చేశారు.

మా ఇంటికి ఆనుకుని బియ్యం మిల్లు. మిల్లు ఆడిందంటే ఊక దుమ్ము మా పెంకుల సందుల్లోంచి దిగి కంచాల మీదా మంచాల మీదా దేవుడి పటాల మీదా సమదృష్టితో పడేది. మేము పుట్టినప్పటినుంచీ దాన్నే పీల్చి పెరిగినవాళ్ళం, మాకది గాలిలో భాగం. కాపురానికొచ్చిన రత్నానికి మాత్రం అది దుమ్మని మొదటిరోజే తెలిసిపోయింది. కొత్త దంపతులు చాటుమాటుగా ఏవేవో కబుర్లు చెప్పుకుంటారని అందరూ అంటారు. మా కబుర్లు ఇలా ఉండేవి.

"నీకు సినిమాలంటే ఇష్టమేనా?"

"హాచ్!"

"పోనీ, రేడియోలో పాటలు?"

"హా... హా... హాచ్!"

జ్యేష్ఠం వెళ్ళేసరికి పాపం దాని ముక్కు దొండపండైంది. తుమ్ములతో పాటు ఆయాసం కూడా మొదలైంది. ఆషాఢం వచ్చిందంటే కొత్తకోడలు పుట్టింటికి వెళ్ళాలి కదా, తీసుకెళ్ళడానికి మావగారు వచ్చారు. కూతురి ముక్కు చూశారు, మా పెంకులు చూశారు, నన్ను మాత్రం చూడలేదు. నాన్నతో అన్నారు:

"బావగారూ, ఆసాడం ఎల్లిపోయేక గుంటని నానే అట్టుకొస్తాను. కానీ ఒక్క మాట. ఈ దుమ్ము దానికి పడదు. మీ పక్కగది గోడలకి ఇటికలు పళ్ళికిలించుకు సూస్తన్నాయి కదా, దానికి శుబ్బరంగా గిలాబా సేయించండి. గాలీ దుమ్మూ సొరకూడదు. శ్రావణంలో నానొచ్చి సూస్తాను. గది బాగుంటే గుంట ఇక్కడుంటాది. నేదంటే నాతోటే ఎనక్కొచ్చీస్తాది."

"అదెంత పని బావా! మావోడు దగ్గరుండి సేయించీడూ?" అన్నాడు నాన్న, నా వీపు మీద ఒక్కటి చరిచి.

జట్కా ఎక్కబోతూ రత్నం ఒక్క క్షణం ఆగింది. పెళ్ళయ్యాక తుమ్ము లేకుండా నాతో మాట్లాడిన మొదటి మాట అప్పుడే విన్నాను. "బేగి సేయించండేం," అంది. అని, తుమ్మి, వెళ్ళిపోయింది.

ఆ ఒక్క "ఏం" నన్ను నిలవనివ్వలేదు. ఆషాఢంలో అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదాయె. మాడుగుల బస్సు రోజూ మా వీధి చివర ఆగేది. నేను రోజూ వెళ్ళి దాన్ని చూసేవాణ్ణి. అది నా మొహాన కాస్త పొగ వదిలి వెళ్ళిపోయేది.

తాపీమేస్త్రి అప్పన్నని పిలిపించాను. పనికన్నా ముందు మాట నడిచే మనిషి. గది గుమ్మంలో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, గోడల్ని పైనుంచి కిందికి చూసి తేల్చేశాడు.

"నాను మెత్తిన గోడకి సీమ దూరే సందుండదు బాబూ. రావికమతంలో అడగండి, వడ్డాదిలో అడగండి."

"ఏం అడగాలి?"

"అప్పన్న గోడ ఎలగుంటాదని అడగండి!"

ఎవర్నీ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మర్నాడు గానుగలో తిప్పిన సున్నం వచ్చింది, ఇసక వచ్చింది. కూలీలు కలుపుతుంటే అప్పన్న ఒక కుండలోంచి కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు పోశాడు. ఇంకో కుండలో చిన్న బెల్లంముక్క వేసి కలియబెట్టడం మొదలెట్టాడు. నా జబ్బు పైకి లేచింది.

"బెల్లం నీళ్ళెందుకు మేస్త్రీ?"

"పట్టుకి బాబూ. బెల్లం పడితే సున్నం ఇటికని ఒగ్గదు. బీటలివ్వదు."

"బీట లేకపోతే గాలి రాదు కదా?"

"ఎలగొస్తాది?"

"గాలి రాకపోతే దుమ్ము రాదు కదా?"

"దుమ్ముకేటి రెక్కలున్నాయా, గాలి నేకండా రాడానికి?"

"అయితే ఇంత చిన్న ముక్క వేస్తేనే బీటలివ్వకపోతే, పెద్ద దిమ్మ వేస్తే?"

అప్పన్న కలియబెట్టడం ఆపాడు. ఆకాశం కేసి చూశాడు. వాళ్ళ వంశంలో ఎవరికీ రాని ఆలోచన తన ఎదురుగా నిలబడి ఉందని ఆ మొహంలోనే కనిపించింది.

"మా తాతనాటినుంచీ సిన్న ముక్కే ఏత్తన్నాం బాబూ," అన్నాడు. ఇక్కడితో ఆగి ఉంటే బతికిపోదును. ఆగలేదు. "కానీ మా తాతకి మీలాగ బెల్లం కొట్టు నేదు కదా. ఉంటే ఆయనా దిమ్మే ఏసీవోడు!"

చూశారా! చదువుకున్నవాడు ఒకడు, గొప్పలవాడు ఒకడు, ఇద్దరూ ఏకాభిప్రాయానికి వస్తే ఇక గోడని దేవుడు కూడా కాపాడలేడు.

పరిగెత్తుకుంటూ నాన్న దగ్గరికెళ్ళాను. సీజన్లో అమ్ముడుపోక మిగిలిన బెల్లం దిమ్మలు వానాకాలం తేమకి నీరు కారి, కొట్టు మూల నల్లగా చతికిలబడి ఉన్నాయి.

"నాన్నా, గోడకి బెల్లం కావాలి."

"ఆ మూలున్నది అట్టుకుపో. పశువుల దాణాలోకని ఉంచేను. ఎక్కువెయ్యకు."

"ఎక్కువంటే ఎంత?"

"ఎక్కువంటే ఎక్కువేరా!"

ఈ వివరణ నా చదువుకి ఆనలేదు. మూలనున్నదంతా బండికెత్తించాను. అది చాలదన్నట్టు తెలిసినవాళ్ళింట్లో పని అయిపోగా మిగిలిన సిమెంటు కూడా అడిగి తెచ్చి అందులో కలిపించాను. సున్నం, సిమెంటు, బెల్లం, మూడూ ఒకదాన్నొకటి పట్టుకుంటే ఇక వదిలేదేముంటుందని నా లెక్క. పెరట్లో పెద్ద గంగాళం పెట్టి పాకం కాయించాను. ఆ వాసనకి అమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది.

"ఒరే చిట్టీ, గోడకి మెత్తుతన్నావా, అరిసెలొండుతన్నావా?"

"ఇది శాస్త్రం అమ్మా. నీకు తెలీదు."

"శాస్త్రమైతే మరి నెయ్యేదిరా?"

గొప్ప పనులు చేసేవాళ్ళకి ఇంట్లో గౌరవం ఉండదని సరిపెట్టుకున్నాను.

గిలాబా మొదలైంది. అప్పన్న తాపీతో కొట్టిన ముద్ద కొట్టినచోటే ఉండిపోయేది. బద్దతో ఈడిస్తే వెన్నలా సాగేది. "సూడండి బాబూ పట్టు! తాపీని కూడా ఒగ్గడం నేదు!" అని మురిసిపోయేవాడు. నిజమే, తాపీని వదిలించడానికి ఒక్కోసారి ఇద్దరం లాగాల్సి వచ్చేది. గది గాలి చొరనిది కావాలి కదా, అందుకని పైనున్న రెండు గవాక్షాలూ ఇటుకలతో మూయించి వాటి మీద కూడా పాకం పులిమించాను. కప్పుకి చెక్కలు కొట్టించి సందులన్నీ పూడ్పించాను. కిటికీ తలుపుల అంచులకి పాతగుడ్డ అంటించాను. పని అయ్యాక గోడలు తేనెరంగులో నిగనిగలాడాయి. అప్పన్న ఒక గోడలో మొహం చూసుకుని మీసం దువ్వుకున్నాడు. నేను తలుపు మూసి, లోపల నిలబడి, గుండెల నిండా గాలి పీల్చబోయాను. పీల్చడానికి గాలి లేదు. అబ్బ, ఎంత సంతోషించానో!

వారం గడిచింది. గోడ ఆరలేదు.

"ముసురు బాబూ," అన్నాడు అప్పన్న.

ఇంకో వారం గడిచింది. బొటనవేలు పెట్టి నొక్కితే ముద్ర పడింది. తాలూకాఫీసులో ఎన్నో వేలిముద్రలు చూశాను కానీ అంత స్పష్టమైనది ఏ కాగితం మీదా చూడలేదు.

"ఇంకా మెత్తగానే ఉందేం మేస్త్రీ?"

"మంచి గోడ బేగి ఆరదు బాబూ. నాసిరకం గోడలే బేగి ఆరతాయి."

చాలా ఏళ్ళ తర్వాత ఒక ఇంజనీరు చెప్పాడు, తీపి ఎక్కువైతే సిమెంటు గట్టిపడదట, పైగా గాలి తగలకపోతే సున్నం కూడా గట్టిపడదట. అంటే గోడ ఆరకుండా ఉండడానికి చేయవలసినవన్నీ ఒక్కటి కూడా వదలకుండా చేశానన్నమాట.

ఒకరోజు పొద్దున్న గది తలుపు తీసి చూద్దును కదా, తూర్పు గోడ కదులుతోంది! కళ్ళు నులుముకుని దగ్గరికెళ్ళాను. కదులుతున్నది గోడ కాదు, చీమలు. నల్లచీమలు ఒక గోడ, ఎర్రచీమలు ఒక గోడ, అన్నదమ్ములు వాటాలు పంచుకున్నట్టు పంచుకున్నాయి. చోడవరం చీమలే కాదు, ఆ జనాభాని చూస్తే వడ్డాది సంతకొచ్చిన చీమలు కూడా పనిలో పనిగా మా ఇంటికొచ్చినట్టున్నాయి.

అప్పన్నని జబ్బ పట్టుకుని లాక్కొచ్చాను. "చీమ దూరే సందుండదన్నావు! ఇవేమిటి?"

అప్పన్న గోడలన్నీ నింపాదిగా పరిశీలించాడు. "సందునించి ఒక్కటీ రానేదు బాబూ. దర్జాగా తలుపులోంచే ఒచ్చేయి. తలుపు వడ్రంగోడి పని, నాది కాదు."

అమ్మ గుమ్మానికి పసుపు గీత గీసింది. చీమలు దాన్ని బొట్టు పెట్టి పిలిచినట్టు భావించాయి. చీమలమందు చల్లాం. దాన్ని కూడా గోడే పీల్చుకుంది. ఇక లాభం లేదని, గాలి తగిలితేనైనా ఆరుతుందేమోనని, అంత కష్టపడి బిగించిన తలుపూ కిటికీ బార్లా తెరిచేశాను. గాలి చొరని గదికి గాలి కోసం మొక్కుకోవలసిన గతి పట్టింది. గాలి వచ్చింది. దానితోపాటు మిల్లు దుమ్మూ వచ్చింది. వచ్చిన దుమ్ము వచ్చినట్టే గోడలకి అంటుకుంది. రెండురోజుల్లో గోడలు గొంగడి కప్పుకున్నాయి.

ఆ తెరిచిన తలుపులోంచే పక్కింటి పైడమ్మ గేదె కూడా వచ్చింది. అమ్మ కేకకి నేను పరిగెత్తేసరికి అది కళ్ళు మూసుకుని, తల అడ్డంగా ఊపుతూ, పడమటి గోడని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నాకుతోంది. అది నాకినంత మేరా గోడ అప్పన్న చేసినదానికన్నా నున్నగా వచ్చింది. తోలితే కదలదు. పైడమ్మ వచ్చి తాడు పట్టుకుని లాగింది.

"ఓలమ్మో, ఏటి తినిపించేరు బాబూ దీనికి? నిన్నటినుంచీ గడ్డి ముట్టడం నేదు!"

"నిన్నకూడా వచ్చిందా?"

"రాకపోతే దీని మూతికి ఈ సున్నం ఏటి?"

ఇలా ఉండగా శ్రావణం వచ్చేసింది. గోడ గీకించి మళ్ళీ మెత్తించే వ్యవధి లేదు. వెల్ల వేసి కప్పేద్దామని అప్పన్నా నేనూ సున్నపు బక్కెట్లు కలుపుకుంటున్నాం. వీధిలో జట్కా ఆగింది. మావగారు దిగారు. కొత్త టెరిలీన్ చొక్కా, చేతిలో హల్వా పొట్లం. ఆ వెనకే రత్నం. ముక్కు మామూలు రంగులోకి వచ్చి, మొహం కళకళలాడుతూ, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టనిపించింది.

జట్కావాడు రేకుపెట్టె దించబోయాడు. మావగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"పెట్టె దించకు. ముందు గది సూడాల."

నాన్నకి అప్పటిదాకా గది సంగతి పూర్తిగా తెలీదు. కొట్టు నుంచి చీకటిపడ్డాక వచ్చేవాడు, అడిగితే "ఆరుతోంది" అని చెప్పేవాణ్ణి. అందుకని, వియ్యంకుడొచ్చాడని కొట్టు నుంచి పరిగెత్తుకొచ్చి, ధీమాగా ముందు నడిచాడు. "రండి బావా! మావోడు దగ్గరుండి..." అంటూ గుమ్మంలో ఆగిపోయాడు. బెల్లం కొట్టిన రాయిలా నిలబడడమంటారే, అలా నిలబడ్డాడు. ఆ సామెత బెల్లం వర్తకుల ఇంట్లోనే పుట్టి ఉంటుంది.

మావగారు లోపలికి వెళ్ళారు. "ఏటి బాబూ, గోడకి బొచ్చు మొలిసింది?"

"కొత్తరకం గిలాబా మావయ్యా," అన్నాను.

"మరి ఈ కదుల్తన్నవేటి?"

"అవి... చీమలు."

మావగారు చూపుడువేలు గోడకి ఆనించారు. వేలు మొదటి కణుపుదాకా దిగింది. తీసి, వాసన చూసి, ఎవరూ చూడ్డం లేదనుకుని నాలిక చివర ఆనించుకున్నారు. అందరం చూశాం.

"మా ఊళ్ళో హల్వా ఇంతకన్నా గట్టిగుంటాది," అన్నారు.

అంతలో ఎర్రచీమ ఒకటి ఆయన మడమ పట్టుకుంది. "ఓర్నాయనో!" అని ఒక్క గెంతు గెంతి, పడిపోకుండా వెనక్కి గోడకి జారగిలబడ్డారు. మెత్తగా చప్పుడైంది. ముందుకి రాబోయారు. రాలేకపోయారు.

"బావా, సెయ్యందుకో!"

నాన్న ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుని లాగాం. అప్పన్న నడుం పట్టుకున్నాడు. గోడ వదల్లేదు. పట్టు గురించి అప్పన్న చెప్పినదాంట్లో అబద్ధం లేదని ఆ ఒక్క విషయంలో ఒప్పుకోవాలి. మూడో లాగుడికి గుండీలు టపటపా తెగి మావగారు బనీనుతో బయటపడ్డారు. చొక్కా రెండు చేతులూ చాచుకుని గోడకి ఉండిపోయింది. చీమలు అప్పుడే దాని జేబులో దూరడం మొదలెట్టాయి.

మావగారు ఆ చొక్కా వైపు చూశారు. తర్వాత మెల్లగా అన్నారు. అరిచి ఉంటే బాగుండేది.

"పదమ్మా రత్నం. జట్కా ఎక్కు. ఈ ఇంట్లో నిన్నొదిలి నాను కంటినిండా నిద్దరోలేను."

నిజం చెప్పొద్దూ, ఇప్పుడైతే నవ్వుతూ రాస్తున్నాను కానీ అప్పుడది నవ్వే సంగతి కాదు. నెల్లాళ్ళు మాడుగుల బస్సు పొగ తాగి బతికినవాణ్ణి. వీధిలో జట్కా, జట్కా మీద దించని పెట్టె. దాన్ని నేనే స్వయంగా వెనక్కి పంపించేస్తున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఎవరూ చూడకుండా తల తిప్పుకుందామంటే ఏ గోడ వైపు తిప్పినా చీమలే.

రత్నం కదల్లేదు. గది మధ్యలో నిలబడి తల పక్కకి వంచి ఏదో వింటోంది.

"నాన్నా, మిల్లు ఆడతంది కదూ?"

"ఆడితే?"

"మనం ఒచ్చి చానాసేపయింది. నాకు తుమ్ము రానేదు."

ఒక ఆడపిల్ల తుమ్ముతుందా తుమ్మదా అని అంతమంది నిలబడి ఎదురుచూడ్డం ఏ ఊళ్ళోనూ జరిగి ఉండదు. మిల్లు దబదబా ఆడుతోంది. కిటికీలోంచి ఊక దుమ్ము వస్తోంది. రత్నం నిండుగా గాలి పీల్చింది, వదిలింది. తుమ్ము లేదు. గోడ దగ్గరికెళ్ళి వేలితో ఒక గీత గీసి, ఆ వేలు వాళ్ళ నాన్నకి చూపించింది. వేలంతా ఊక.

"దుమ్మంతా గోడలే పట్టీసుకుంటన్నాయి నాన్నా. నా దాకా రానివ్వడం నేదు."

"నాను సెప్పలేదా బాబూ పట్టుంటాదని!" అన్నాడు అప్పన్న వెనకనుంచి.

"నువ్వు నోరు ముయ్యి," అన్నాం అందరం.

"మరి ఈ సీమలమాటేటే?" అన్నారు మావగారు.

"సీమలకి నాకు తుమ్ములు రావు." రత్నం గుమ్మం వైపు తిరిగి జట్కావాడికి వినబడేలా అంది: "పెట్టె దించీ బాబూ."

"అదేటమ్మా! ఈ పాకంలో కాపరం సేస్తావా?"

"గీకించి మళ్ళీ సేయిద్దారి, నాను దగ్గరుంటాను. ఈ మనిషిని ఇంకో నెల్లాళ్ళు ఒంటిగా ఒగ్గీసేమంటే ఈసారి ఇంటికప్పు మీద కూడా పాకం పోసీగలరు."

ముందు అమ్మ నవ్వింది. తర్వాత నాన్న. చివరికి మావగారు కూడా, బనీను మీద చేతులు కట్టుకుని, ఆపుకోలేక నవ్వారు. రత్నం మాత్రం నవ్వకుండా నా వైపు తిరిగింది.

"ఇంకెప్పుడూ ఇలాటి పని సెయ్యనని ఒట్టెయ్యండి."

నేను అక్కడే, అప్పుడే, చీమల సాక్షిగా, గోడ నాకిన గేదె సాక్షిగా, గోడకి వేలాడుతున్న మావగారి చొక్కా సాక్షిగా, కుడిచెయ్యి గోడ మీద వేసి ప్రమాణం చేశాను: బతికున్నంతకాలం ఏ గోడకీ తీపి పెట్టను, ఏ మేస్త్రికీ సలహా చెప్పను, బెల్లం కాఫీ తాగవలసి వస్తే గది మధ్యలో నిలబడి తాగుతాను. ప్రమాణం అయ్యాక చెయ్యి తీయబోతే రాలేదు. రత్నం నవ్వి, తన రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని లాగింది. పెళ్ళిలో పురోహితుడు పట్టుకోమంటే పట్టుకున్న చెయ్యే అది, కానీ ఎవరూ చెప్పకుండా పట్టుకోవడం అదే మొదలు.

ఇన్నేళ్ళలో ఆ ఒట్టు ఒక్కసారి కూడా తప్పలేదు. తప్పుతుందా మరి? ఆ గోడ మీద గట్టిపడింది అదొక్కటే.